తోలు బ్యాగుకి తొందర పనికిరాదు

కిందటి దసరాకి కాకినాడ వెళ్లినప్పుడు మా అత్తయ్య నా చేతికో ప్లాస్టిక్ కవరు ఇచ్చింది. ముడి విప్పగానే గుప్పుమని వాసన. తడిసిన గోనెసంచినీ, ఏళ్ల తరబడి తెరవని పుస్తకాల బీరువానీ కలిపినట్టు. లోపల ఇటుకరంగు తోలు బ్యాగు. మూత మీద నెమలి, చుట్టూ లతలు. అంచులకి దారంతో కుట్టు లేదు, సన్నటి తోలు తాడుతో అల్లేశారు. ఆ అల్లిక సందుల్లో తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

“పదహారేళ్లు స్కూలుకి పట్టుకెళ్లానమ్మా దీన్ని. వచ్చే నెల్లో మా పిల్లలు రమ్మన్నారు కదా... అప్పటికి బాగవుతుందేమో చూడు” అంది.

పిల్లలంటే మా ఆయనా, ఆడపడుచులూ కాదు. 1989 పదో తరగతి బ్యాచ్ వాళ్లు. అందరికీ యాభై దాటాయి. కార్తీకమాసం వనభోజనాలకి కలుస్తున్నారట, లెక్కల టీచరు రాకపోతే ఒప్పుకోమన్నారట. చేతిలో నాలుగు వారాలుంది.

నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఎందుకంటే ఇలాంటి బ్యాగునొకదాన్ని నేను ఇదివరకే చంపేశాను. మా అమ్మది. మా నాన్న మద్రాసు నుంచి తెచ్చిన నల్లబ్యాగు. గట్టిపడిపోయిందని జాలిపడి, కొబ్బరినూనె గిన్నెలో పోసుకుని దూదితో అద్ది అద్ది పట్టించాను. ఇంకా బాగా పీల్చుకుంటుందని డాబా మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి నిగనిగలాడింది. మురిసిపోయాను. మూడో వారానికి జిడ్డు పైకి తేలింది. దుమ్మంతా దానికి అంటుకుంది. పెళ్లికి పట్టుకెళ్తే అమ్మ పట్టుచీర కుచ్చిళ్ల మీద అరచేయంత మరక. తర్వాత వానాకాలంలో ఆ నూనె మీదే బూజు పట్టింది. అమ్మ ఒక్క మాటా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కాబట్టి ఈసారి బ్యాగుని నాతోపాటు హైదరాబాదు తెచ్చుకున్నా, మొదటి రెండ్రోజులూ దాని జోలికే పోలేదు. కవరులోంచి తీసి, మూత తెరిచి, ఎండ తగలని వరండాలో ఫ్యానుగాలికి వదిలేశాను. పాత బ్యాగుకి చెయ్యాల్సిన మొదటి వైద్యం ఇదే. పైసా ఖర్చు లేదు. సగం వాసన దీంతోనే పోతుంది.

ఈలోగా అది అసలు ఏమిటో తెలుసుకోవాలి. మన ఇళ్లల్లో ‘తోలు బ్యాగు’ అని దాచుకున్నవాటిలో చాలావరకు తోలు కాదు, రెక్సిన్. పొట్టు రాలిపోతోందంటే అనుమానమే అక్కర్లేదు. గుడ్డ మీద అతికించిన పాలీయూరిథేన్ పొర అది. గాలిలోని తేమకి ఏళ్ల తరబడి లోలోపలే విరిగిపోతూ వస్తుంది. వాడకపోయినా, బీరువాలో భద్రంగా దాచినా రాలుతుంది. దానికి ఏ క్రీమూ పనిచెయ్యదు. డబ్బు తగలేయకండి. అసలు తోలైతే కోసిన అంచు దగ్గర చూస్తే పీచుపీచుగా కనిపిస్తుంది. రెక్సిన్‌కి అక్కడ నేత గుడ్డ కనిపిస్తుంది.

తోలే అని తేలాక ఇంకో పరీక్ష. అడుగునో, మూత లోపలో, ఎవరి కంటా పడనిచోట ఒక్క నీటిచుక్క పెట్టండి. చుక్క తామరాకు మీద నీటిలా నిలబడితే పైన రంగుపూత ఉన్నట్టు. ఇప్పటి ఫ్యాక్టరీ బ్యాగులు చాలావరకు ఈ రకం. కాస్త ధైర్యంగా తుడవచ్చు. చుక్క వెంటనే ఇంకిపోయి అక్కడ నల్లబడితే మాత్రం జాగ్రత్త. ఆ తోలుకి కాపలా లేదు. నీళ్లూ, నూనే, మన చేతిచెమటా అన్నీ నేరుగా లోపలికి వెళ్లిపోతాయి.

అత్తయ్య బ్యాగులో చుక్క క్షణంలో మాయమైంది. తెల్లగుడ్డ తడిపి మూత లోపలివైపు మెల్లగా ఒత్తి చూస్తే గుడ్డకి ఇటుకరంగు అంటింది. ఫోన్ చేసి ఎక్కడ కొన్నావత్తయ్యా అని అడిగాను. 1984లో టీచర్లందరూ కలిసి పూరీ, కలకత్తా యాత్రకి వెళ్లారట. అక్కడ కొన్నదట. “ఎనభై అయిదు రూపాయలు. మీ మావయ్యగారికి యాభై అని చెప్పాను” అంది. అంటే శాంతినికేతన్ బ్యాగు!

ఆ బ్యాగుల కథ కాస్త చెప్పుకోవాలి. రవీంద్రనాథ్ టాగూరు శాంతినికేతన్ పక్కనే 1922లో శ్రీనికేతన్ మొదలుపెట్టారు, పల్లె జనానికి చేతిపనులు నేర్పడానికి. తోలుపని అక్కడ వేళ్లూనుకోవడంలో ఆయన కొడుకు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి పాత్ర ఉంది. గొర్రె, మేక తోళ్ల మీద అచ్చుతో ఉబ్బెత్తు బొమ్మలు తేల్చి, చేత్తో రంగులద్ది, అంచులు తోలు తాడుతో అల్లుతారు. ఆ పనికి వాడే తోలు చాలాకాలం మన దక్షిణాది నుంచే వెళ్లింది. ‘ఈస్టిండియా తోలు’ అని దానికి పేరు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు అది. ఏ చెట్టనుకున్నారు? తంగేడు! బతుకమ్మలో పేర్చే పువ్వు చెట్టే. తంగేడు చెక్కతో ఊనిన తోలు వెలుగు తగిలితే ఎర్రబారుతుందని చివర్లో కరక్కాయ కషాయం పట్టించేవారు. ఇదంతా తెలిశాక ఆ బ్యాగు నాకు పరాయిదనిపించలేదు.

ఈ కథతో మనకి పని కూడా ఉంది. 1884లో అమెరికాలో షుల్ట్జ్ అనే ఆయన క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక ప్రపంచం మెల్లగా అటు మళ్లింది. క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, నీళ్లకీ వేడికీ కాస్త ఓర్చుకుంటుంది. చెట్టు బెరడుతో చేసిన తోలుకి ఆ ఓర్పు తక్కువ. తడిసి ఉండగా వేడి తగిలితే ముడుచుకుపోయి, ఆరాక రేకులా బిగుసుకుంటుంది. మళ్లీ వెనక్కి రాదు. పాత బ్యాగుని తడిపి ఎండలో పెట్టకూడదనేది అందుకే. ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు.

మూడోరోజు బ్యాగు ఖాళీ చేశాను. లైనింగ్ గుడ్డని బయటికి లాగి దులిపితే పది పైసల బిళ్ల, బస్సు టిక్కెట్టు ముక్క, పిన్నీసు రెండు, అరంగుళం సుద్దముక్క. ముక్కుకి మాస్కు కట్టుకుని ఆరుబయటే దులిపాను. బూజు పట్టిన సరుకు ఇంట్లో దులిపితే ఆ పొడంతా పక్కబట్టల మీదా, పుస్తకాల మీదా పడుతుంది. ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే ఈ పని వాళ్ల దరిదాపుల్లో వద్దు.

ఇక ఆ తెల్లటిదాని సంగతి. పాత తోలు మీద తెల్లగా కనిపిస్తే అందరం బూజే అనుకుంటాం. కానక్కర్లేదు. ఒక్కోసారి తోలులోని కొవ్వే పైకి వచ్చి మసకగా పేరుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, జానెడున్నర దూరం నుంచి అరనిమిషం చూపిస్తే కొవ్వు కరిగి మాయమవుతుంది. పొడిగుడ్డతో తుడిచేస్తే సరి. బూజు కరగదు. పైగా నూగులా ఉంటుంది, వాసన వేస్తుంది. నేను భక్తిగా ఈ పరీక్షలన్నీ చేశాను. కరగలేదు. నూగూ లేదు. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే హాయిగా రాలిపోయింది. భూతద్దంలో చూస్తున్నవేళ గుర్తొచ్చింది సుద్దముక్క. ఫోన్ చేసి చెబితే అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది. “పదహారేళ్ల సుద్దపొడి కదమ్మా. నా జుట్టులో కూడా ఉంటుంది చూడు” అంది.

అసలు బూజు అడుగున ఉంది. మెత్తటి బ్రష్‌తో పొడిగానే దులిపి, ఆ బ్రష్‌ని సబ్బునీళ్లలో కడిగేశాను. బూజుని తడిగుడ్డతో రుద్దడం చాలామంది చేసే పొరపాటు. తోలులోకి ఇంకా పులుముతాం అంతే. రంగుపూత ఉన్న బ్యాగైతే దులిపాక మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, నీళ్లు సగంసగం కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి ఒక్కసారి తుడవచ్చు, మూల పరీక్ష చేశాకే. శాంతినికేతన్ బ్యాగు మీద మాత్రం స్పిరిట్ పేరెత్తకూడదు. ఆ చేతిరంగులు స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి. నెమలి కాస్తా కాకైపోతుంది.

పూత ఉన్న మామూలు బ్యాగుని శుభ్రం చెయ్యడం పెద్ద విద్యేం కాదు. సబ్బు వద్దు. తోలు కాస్త పులుపు గుణం ఉన్నది, దాని పీహెచ్ 4 - 5 దగ్గర ఉంటుంది. బట్టల సబ్బుది 9 - 10. పదేపదే సబ్బు పడితే తోలు ఎండి చిట్లుతుంది. అరగ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో (ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేదే) మూడు చుక్కలు పసిపిల్లల షాంపూ వేసి గిలక్కొట్టండి. నీళ్లు కాదు, పైన తేలిన నురగ మాత్రం మెత్తటి బనీను గుడ్డతో తీసుకుని తుడవాలి. మరక ఉన్నచోటే రుద్దితే అక్కడ గుండ్రంగా కొత్త మరక తయారవుతుంది. కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్క మొత్తం ఒకే చేత్తో తుడవాలి. తర్వాత వట్టి నీళ్లలో పిండిన గుడ్డతో ఇంకోసారి, వెంటనే పొడిగుడ్డతో. లోపల పాత కాటన్ చీరముక్కలు కుక్కి నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. న్యూస్‌పేపర్ కుక్కకండి. మన పేపరే అయినా సరే, సిరా లైనింగ్‌కి అంటుతుంది.

అత్తయ్య బ్యాగుకి ఇవేవీ చెయ్యలేదు. రంగు పోతోందని తెలిశాక తడి మానేశాను. పొడి బ్రష్, పొడిగుడ్డ, సందుల్లో పుల్లకి చుట్టిన దూది. అలా రోజుకో అరగంట చొప్పున వారం పట్టింది.

మూత లోపలివైపు ఎర్రసిరా మరక ఒకటుంది, బొటనవేలంత. పెన్ను లీకైన గుర్తు. సిరా మరకలకి ఇంటి చిట్కాలు బోలెడు వింటాం. టూత్‌పేస్టు, పాలు, నిమ్మచెక్క, హెయిర్ స్ప్రే... ఈ పేజీలోనే ఏనాడో నేనూ రాసే ఉంటాను, క్షమించండి. టూత్‌పేస్టు సన్నటి గరుకుపొడి, అది రుద్దితే పోయేది మరక కాదు, తోలుపై పొర. పాలు కుట్టులో మిగిలి కంపుకొడతాయి. అరటితొక్క రాస్తే మెరుస్తుంది, రెండ్రోజులకి చీమలొస్తాయి. తోలులోకి దిగిన సిరా అందులో రంగులాగే కలిసిపోతుంది. సిరాని తీసే ద్రవం తోలు రంగునీ తీసేస్తుంది. అత్తయ్యనడిగితే “ఉండనీ. క్వార్టర్లీ పేపర్లు దిద్దినప్పటిది” అంది. నా పని తేలికైంది.

ఇక నూనె. అసలు కథంతా ఇక్కడే. ఎండిపోయిన తోలుని చూస్తే చేతులు ఊరుకోవు. నూనె పట్టిస్తే వెంటనే రంగు ముదిరి కొత్తదానిలా కనిపిస్తుంది కూడా. ఆ సుఖం నాలుగు రోజులే. వంటనూనెలు, కొబ్బరినూనె తోలులో అక్కడా ఇక్కడా మడుగులు కట్టి, నల్లమచ్చలు వేసి, దుమ్ముని పట్టుకుంటాయి. పాతబడితే మక్కిన వాసన. అవిసెనూనె మరీ చేటు, అది గాలికి గట్టిపడే నూనె. చెక్కకి మంచిది, తోలుకి కాదు. చెప్పుల షాపుల్లో న్యూట్రల్ అని రాసి ఉండే రంగులేని లెదర్ క్రీము దొరుకుతుంది, అది చాలు. రాస్తే చాలు మెరిసిపోయే స్పాంజి డబ్బాలు వద్దు. క్రీము కూడా శనగగింజంత తీసుకుని, ముందు గుడ్డకి పులిమి, ఆ గుడ్డతో బ్యాగుని తుడవాలి. నేరుగా తోలు మీద పెడితే అక్కడ మచ్చే. ఒక పూత వేశాక ఒక రోజు ఆగండి. మెత్తబడిందనిపిస్తే అక్కడితో ఆపెయ్యండి. నేను అత్తయ్య బ్యాగుకి వెనకవైపు, అడుగున మాత్రం రాశాను. బొమ్మ మీద కాదు. రెండు పూతలు, మధ్యలో మూడ్రోజులు. మూడో పూత వెయ్యాలని చెయ్యి లాగింది. అమ్మ చీర గుర్తొచ్చి డబ్బా మూతపెట్టి పై అరలో పెట్టేశాను.

పగుళ్లకి ఏ క్రీమూ మందు కాదు. పగులంటే పీచు తెగిపోయిందని అర్థం. తెగినది అతుక్కోదు, పక్కనున్నది తెగకుండా చూసుకోవాలంతే. ఇంకో మాట. పాత తోలుని తాకితే వేళ్లకి ఎర్రటి పొడి అంటుతోందా? పాత లైబ్రరీల్లో తోలు అట్టల పుస్తకాలు పట్టుకుంటే అంటుతుందే, అది. బెరడుతో ఊనిన తోలు గాలిలోని గంధకపు కాలుష్యానికి కుళ్లి పొడవడం. అలాంటిదానికి నీళ్లూ, క్రీమూ ఏదీ రాయకండి, నల్లబడి ఇంకా పెళుసవుతుంది. కాటన్ గుడ్డలో చుట్టి దాచుకోండి. వాడుకునే రోజులు దానికి అయిపోయాయి.

ఇత్తడి బకెళ్ల చుట్టూ పచ్చగా మైనంలా పేరుకుంటుంది, చూసే ఉంటారు. తోలులోని కొవ్వూ ఇత్తడిలోని రాగీ కలిసి తయారుచేసే సరుకది. చింతపండు తేవద్దు. పుల్లటి నీళ్లు తోలులోకి దిగుతాయి. వెదురుపుల్లతో పొడిగా గీకి తీసెయ్యడమే. బకెల్ దగ్గర క్రీము రాయకపోతే మళ్లీ త్వరగా రాదు. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో పళ్లమీద రెండుసార్లు గీసి ఆడించండి, చాలు.

మిగిలింది హ్యాండిల్. బ్యాగుతో కలిసే చోట అల్లిక తాడు రెండు అంగుళాల మేర తెగిపోయింది. ఫెవికాల్, క్విక్‌ఫిక్స్ లాంటివాటి జోలికి పోకండి. గట్టిపడి, వంగాల్సినచోట వంగక, పక్కన కొత్తగా చిట్లుతుంది. మా వీధి చివర వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బ్యాగుని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో అంచు వంచి చూసి “మిషను మీద పెట్టకూడదమ్మా ఇది” అన్నాడు. కొత్త చిల్లులు పడితే పోస్టు బిళ్లల అంచులా చిల్లుల వెంటే చిరుగుతుందట. ఆరె తీసి పాత చిల్లుల్లోంచే, మైనం రాసిన నూలుదారంతో గంటసేపు కుట్టాడు. తోలు తాడు తన దగ్గర లేదన్నాడు. పని అయ్యాక హ్యాండిల్ పట్టుకుని లాగి చూడబోతే నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. “కుట్టు ఆగుద్ది. తోలు ఆగుద్దని నేను చెప్పలేను. బరువెయ్యమాకండి” అన్నాడు. అడిగినదాని కంటే యాభై ఎక్కువిస్తే వద్దన్నాడు కానీ, తర్వాత తీసుకున్నాడు.

దాచడం గురించి రెండు ముక్కలు. తేమ 65 - 70 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కోస్తాలో వానాకాలం అంతకు మించే ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ కవరు శత్రువు. ఉన్న తేమని బయటికి పోనివ్వదు. పాత దిండుగలీబు మేలు. లోపల గుడ్డలు కుక్కి, నిలబెట్టి ఉంచండి. హ్యాండిల్‌తో వేలాడదీయకండి. నాఫ్తలీన్ ఉండలు పురుగులకే, బూజుకి పనిచెయ్యవు, వాసన మాత్రం జన్మలో వదలదు. మందుసీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు మంచివే గానీ ఏళ్లనాటి పొట్లం వట్టి అలంకారం. నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వడాన్ని మించింది లేదు. తోలు వస్తువని అత్తయ్య దాన్ని పూజగది ఉన్నవైపు రానిచ్చేది కాదు, అందుకే అటకెక్కింది. ఇప్పుడు హాల్లో బీరువా పై అర ఇప్పించాను.

నాలుగో వారం కాకినాడ తీసుకెళ్లి ఇచ్చాను. కొత్తదానిలా లేదు. నెమలి తోక కొంచెం వెలిసింది, ఓ మూల పగుళ్లు అలాగే ఉన్నాయి, కుట్టిన దారం రంగు వేరే తెలుస్తోంది. వాసన మాత్రం పోయింది. అత్తయ్య మూత తెరిచి, లోపల ఎర్రసిరా మీద వేలు పెట్టి, మళ్లీ మూసింది. పెద్దాయన చెప్పిన మాట చెప్పాను. కళ్లజోడు పెట్టె, చేతిరుమాలు మాత్రం వేసుకుంది. మాత్రల డబ్బా, నీళ్ల సీసా నాకిచ్చింది.

వనభోజనాల దగ్గర కారు దిగేటప్పుడు బ్యాగు నేను పట్టుకుంటానన్నాను. ఇవ్వలేదు. హ్యాండిల్ ముట్టుకోకుండా చంకలో ఇరికించుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని నడిచింది.